తెల్లచీర పచ్చబడిన ఎండాకాలం

నేను పుట్టు పిరికిదాన్ని. బల్లి మీద పడితే పంచాంగం చూడకముందే ఏడుపు మొదలుపెట్టేదాన్ని. అలాంటి నాకు పెళ్ళయిన మరుసటి ఏడే మా ఆయన పట్టాళంలో చేరి బర్మా వైపు వెళ్ళిపోయాడు. చిత్తూరులో ఆ ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తా. మామ అంతకుముందే పోయాడు. నాకు తల్లి లేదు. పుట్టింటివాళ్ళు సత్యవేడు దగ్గర సేద్యంలో తలమునకలుగా ఉండేవాళ్ళు. భయమేసినప్పుడు పట్టుకోవడానికి నాకున్న కొంగు మా అత్తదొక్కటే. పట్టుకుంటే విదిలించుకునేది, అది వేరే సంగతి.

మా అత్తది పెద్ద నోరు. మామ పోయిన నాటి నుంచి తెల్లచీరే కట్టేది, ఆ తెలుపు మాత్రం తెలుపులా ఉండాలి. నీలిమందు కాస్త తగ్గినా చాకలామెను వీధిలో నిలబెట్టి కడిగేసేది. నన్ను కడగడానికి వీధి కూడా అక్కర్లేదు, వంటిల్లు చాలు. కొడుకు మాట వస్తే మాత్రం గొంతు మారేది.

"వాడు ఈ గడపలో కాలు పెట్టేదాకా నేను సావనమ్మీ. ఆ తర్వాత యముడు ఎప్పుడొచ్చినా సరే, బువ్వ పెట్టి మరీ ఆయప్పతో పోతా" అనేది.

నేను ఆ మాటనే నమ్ముకుని బతికాను. మా ఆయన లేని ఇంట్లో ఈమె కూడా లేకపోతే ఏమిటన్న ఆలోచన వస్తే చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది. రేపు ఆయన వచ్చి "మాయమ్మ యాడ?" అంటే ఏం చెప్పాలి? ఈ ప్రశ్న నన్ను ఎన్ని రోజులు తిన్నదో నాకే తెలుసు.

ఆ కాలంలో మద్రాసు మీద బాంబులు పడతాయని పుకారు పుట్టి, అక్కడి జనం మూటాముల్లె కట్టుకుని మా వైపు ఊళ్ళకు వచ్చి పడ్డారు. పశువుల కొట్టాలకు కూడా అద్దెలు పలికాయి. అలా వచ్చినవాళ్ళలో ఒక పెద్ద డాక్టరు మా వీధి చివరి మిద్దెలో దిగాడు. అరవాయన, కానీ తెలుగు బాగానే మాట్లాడేవాడు. ఎద్దులబండి మీద నుంచి ఆయన సామానుతో పాటు ఒక కొయ్యపెట్టె దింపారు. ఇద్దరు మనుషులు పసిబిడ్డను దించినట్టు దించారు. దాన్ని చూసి మా వీధి రకరకాలుగా అనుకుంది. జపానువాళ్ళతో మాట్లాడే వైర్‌లెస్సు అన్నారు కొందరు. బాంబే అన్నది మా పక్కింటామె. ఆ నెలంతా నేను ఆ మిద్దె ముందు నుంచి నీళ్ళకు పోవడం మానేసి చుట్టుదారిన పోయాను.

ఒక పొద్దున సంగటి కెలుకుతూ కెలుకుతూ మా అత్త తెడ్డు వదిలేసి గోడకానుకుని కూర్చుంది. మొహమంతా చెమట.

"మ్మే, ఇట్ల రా. నా గుండెలో ఏమో దూరినాది, సూడు."

ఎదమీద చెయ్యి పెట్టాను. గంప కింద మూసిన కోడి రెక్కలు కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది. ఒక వరస లేదు, ఒక లెక్క లేదు. నా చెయ్యి నేనే భయపడి తీసేశాను. బయటికి పరుగెత్తి అరిస్తే పక్కింటామె వచ్చింది. బాంబు అన్న నోటితోనే, "ఆ మద్రాసు డాక్టరును పిల్సుకోని రాపో" అంది. ప్రాణం మీదికొస్తే బాంబు కూడా పనికొస్తుంది కాబోలు.

డాక్టరు వచ్చి గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. చెయ్యి పట్టుకుని చూశాడు, మళ్ళీ విన్నాడు. "మిషను తెస్తాను. వట్టి చెవితో చెప్పలేను" అన్నాడు. కొయ్యపెట్టె మా పడసాలలోకి వచ్చింది. వీధి సగం మా వాకిట్లో నిలబడింది.

ఆ మిషను గుండె గీతను కాగితం మీదికి దింపుతుందట. రెండు చేతులకూ ఎడమ కాలికీ ఉప్పునీళ్ళలో తడిపిన గుడ్డలు చుట్టి, వాటి మీద రేకులు కట్టి, వాటికి తీగలు తగిలించాడు. మా అత్త జీవితంలో మొదటిసారి నోరు మెదపలేదు. పెదవులు తెల్లబడ్డాయి. కరెంటు పెట్టి ప్రాణం లాగుతారనుకుంది. ఆమె అనుకున్నదే నేనూ అనుకున్నాను. "మ్మే, సెయ్యి పట్టుకో" అంది. పెళ్ళయినాక ఆమె నన్ను అడిగిన మొదటి సాయం అదే. నేను చెయ్యి చాచాను.

"ముట్టుకోకమ్మా" అన్నాడు డాక్టరు. "ఈ మిషను మనిషిలోకి ఏమీ పంపదు, మనిషి నుంచి వచ్చేదే తీసుకుంటుంది. నువ్వు పట్టుకుంటే నీ వణుకు కూడా కాగితంలో పడుతుంది."

నేను చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాను. నా వణుకు పడితే ఆ కాగితం చాలదు కూడా.

కాగితాన్ని ఆయన ఇంటికి తీసుకుపోయి చీకటిగదిలో, ఫొటోలు కడిగినట్టు కడిగి తెచ్చాడు. అది వెలుతురుతో గీసే గీతట. తడి కాగితాన్ని పట్టుకుని నాకు చూపించాడు. ఎందుకు నాకు చూపించాడో తెలియదు, చూపించడానికి ఇంట్లో మగదిక్కు లేదు కాబట్టి కావచ్చు. సన్నగా లేచిన మొనలు వరసగా ఉన్నాయి. కొన్ని దగ్గర దగ్గరగా, కొన్ని దూరంగా. ఏ రెండు సందులూ ఒకటిగా లేవు. మొనకూ మొనకూ మధ్య గీత తిన్నగా లేకుండా వణికిపోతోంది.

"గుండెలో పై గదులు కొట్టుకోవడం మానేసి వణుకుతున్నాయి. అందుకే కింది గదులకు దిక్కు తెలియడం లేదు. నేను చదువుకునే రోజుల్లో నాడి పట్టుకుని ఊహించేవాళ్ళం. నాడి తప్పడం ఎన్నో రకాలు, అన్నిటికీ ఒకే మందు కాదు. ఇప్పుడు కాగితం చూసి ఏ రకమో చెప్పగలుగుతున్నాం" అన్నాడు.

ఏదో ఆకు నుంచి తీసిన సారమట, చుక్కల మందు ఇచ్చాడు. నీళ్ళలో వేసి తాగించాలి, ఒక్కపూట కూడా మానకూడదు. మొదట ఎక్కువివ్వాలి, గుండె దారికొచ్చాక తగ్గించాలి, కాబట్టి నెల తిరిగేసరికి ఒకసారి తన దగ్గరికి తీసుకురావాలి. మణికట్టు దగ్గర వేళ్ళు ఎక్కడ పెట్టాలో, నాడి ఎలా చూడాలో నాకు నేర్పించి పోయాడు.

ఆ మందు దేవుడు పంపినట్టే పనిచేసింది. వారం తిరక్కుండానే మా అత్త లేచి తిరిగింది. చాకలామెను తిట్టింది, నన్ను తిట్టింది. నాకు అంత ఆనందం ఎప్పుడూ కలగలేదు. ఆమె మధ్యాహ్నం కునుకు తీస్తుంటే దొంగలా పోయి నాడి పట్టుకునేదాన్ని. వేళ్ళ కింద అది కాస్త నెమ్మదించి కొట్టుకుంటుంటే నా కడుపు నిండిపోయేది. ఒకసారి కళ్ళు తెరిచి చూసి, "ఏమ్మే, నేను సచ్చినానా లేదా అని సూస్తాండావా?" అంది.

నెల తిరిగింది. డాక్టరు దగ్గరికి పోదాం రమ్మన్నాను.

"రోగం లేనోళ్ళకు డాక్టరేమి? పోతే మందు తగ్గిస్తానంటాడు. మంచి మందును ఎవురన్నా తగ్గించుకుంటారా?" అంది. అత్త మాట అత్త మాటే. చుక్కలు తగ్గకుండా అలాగే సాగాయి.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున వాకిట్లో పెద్ద రభస. చాకలామె మూట విప్పిందో లేదో, మా అత్త చీర తీసి ఆమె మొహం మీదికి విసిరింది.

"ఇది తెలుపా? పసుపునీళ్ళలో ముంచుకోనొచ్చి తెలుపంటావా?"

చాకలామె ప్రమాణాలు చేసింది. నేను చీర పట్టుకుని ఎండలో చూశాను. కొంగమాదిరి తెల్లగా ఉంది. అయినా అత్తతో ఎవరు వాదిస్తారు? ఆ మధ్యాహ్నం కంచంలో అన్నం చూసి, "బువ్వలో పసుపేసినావా?" అంది. మర్నాడు మజ్జిగ పచ్చగా ఉందంది. నాకు ఒళ్ళు మండింది. ఏరి ఏరి తప్పులు పట్టడం ఆమెకు కొత్త కాదు, ఇప్పుడు రంగులు కూడా పట్టడం మొదలుపెట్టింది అనుకున్నాను. తిండి సహించడం లేదని కంచం తోసేస్తే, నా వంట మీద కోపమనుకున్నాను.

రోజూ ఈ రభస విని పక్కింటామె వచ్చి, బుగ్గన వేలేసుకుంది.

"అయ్యో సామీ! కామెర్లోళ్ళకు లోకమంతా పచ్చగా కనపడతాదంటారు గదమ్మా. మీయత్తకు కామెర్లే ఇవి!"

ఆ సామెత నాకూ తెలుసు. పుట్టినప్పటి నుంచి వింటున్నదే. ఇన్నాళ్ళూ ఆమె మీద విసుక్కున్నందుకు నాలుక కొరుక్కున్నాను. అంతమందిమి ఉన్నాం, ఆ మాట నిజమా అని ఒక్కరమూ అనుకోలేదు. సామెత అబద్ధమాడుతుందని ఎవరనుకుంటారు? దాన్ని కట్టినవాడెవడో గానీ, వాడికి మాత్రం కామెర్లు వచ్చి ఉండవు.

డాక్టరును పిలుస్తానన్నాను. ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. కామెర్లకు ఇంగ్లీషు మందు లేదన్నది మా వైపు చంటిపిల్లలకు కూడా తెలిసిన మాట. అది ఆకుమందుకే లొంగుతుంది. "గుండె ఆయప్పది, కామెర్లు ఈయప్పవి. ఒకరి సేన్లోకి ఇంకొకర్ని పిలవకూడదు" అంది మా అత్త.

ఈయప్ప అంటే కాణిపాకం దోవలో ఒక పల్లెలో ఆకుమందు ఇచ్చే ముసలాయన. మంచివాడే, ఇచ్చినదానికి ఏమీ పుచ్చుకునేవాడు కాదు. పొద్దు పొడవకముందే వచ్చి మా అత్త కనురెప్ప కిందికి లాగి చూశాడు. కన్ను తెల్లగానే ఉంది. ఆయన కాసేపు ఆలోచించాడు.

"ఇంకా కంటికెక్కలేదమ్మా, లోపలే ఉండాది. ఆదిలోనే పట్టుకున్నారు, మంచిదే" అన్నాడు.

పరగడుపున ఆకు నూరి మజ్జిగలో కలిపి తాగించాడు. మిగిలింది గుడ్డలో చుట్టి దండచేతికి కట్టాడు. మూడు దినాలు ఉప్పు లేదు, చింతపండు లేదు, మజ్జిగన్నమే. ఆ మూడు దినాలూ బయటివాళ్ళు లోపలికి రాకూడదు, ఇంట్లోవాళ్ళు గడప దాటకూడదు. దాటితే మందు వికటిస్తుంది. ఈ గుండెమందు సంగతి ఆయనకు మేము చెప్పలేదు, ఆయన అడగలేదు. అది ఆయన చేను కాదు కదా.

ఆకుమందుకు మా అత్త కడుపు కడుక్కుపోయింది. పోయేది కామెర్ల పసిరే అని సంతోషించాం. మర్నాటికి వాంతులు పట్టుకున్నాయి, మజ్జిగ కూడా నిలవలేదు. అయినా గుండెచుక్కలు మానలేదు. ఒక్కపూట మానకూడదని డాక్టరు చెప్పాడు కదా! అవి తాగుతూ, "నీ మొగం కూడా పచ్చంగా ఉండాదే. పెండ్లికూతురు మాదిరి ఉండావు" అంది నీరసంగా. ఆమె నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

ఆ మధ్యాహ్నం నాడి పట్టుకున్నాను. వేళ్ళ కింద ఏమీ లేదు. వేళ్ళు జరిపాను. ఉంది, ఒక్కటి కొట్టింది. తర్వాతది రాలేదు. ఎప్పటికో ఇంకొకటి వచ్చింది, అలిసిపోయిన ఎద్దు అడుగు వేసినట్టు. మళ్ళీ ఆగింది. కోడిలా కొట్టుకున్నప్పుడు నేను భయపడ్డాను గానీ, అది భయమే కాదని అప్పుడు తెలిసింది. కొట్టుకునే గుండెను చూసి భయపడేవాళ్ళకు ఆగే గుండె ఎలా ఉంటుందో తెలియదు. నీళ్ళు తాగిద్దామని లేవదీస్తే ఆమె కళ్ళు తేలేసి నా భుజం మీద వాలిపోయింది. పడుకోబెట్టాక తెలివి వచ్చింది.

"డాక్టరును పిల్సుకోనొస్తా" అన్నాను.

"గడప దాటొద్దమ్మీ. దాటితే నేను సస్తా. వాడొచ్చేదాకా నేను ఉండల్ల" అంది. నా కొంగు పట్టుకుంది, ఆమె పట్టుకున్నది నా కొంగు! పక్కింటామె వాకిలి బయట నిలబడి, "వద్దమ్మో, మందు తిరగబడతాది. మీయత్తను సేతులారా సంపుకుంటావు" అని అరుస్తోంది.

ఆ గడప దగ్గర ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. దాటితే ఆమె పోవచ్చు. పోతే నేనే చంపానని వీధంతా అంటుంది. వీధి అన్నా పర్వాలేదు, ఆయన వచ్చి అడిగితే? దాటకపోతే ఆ రెండు దెబ్బల మధ్య సందు ఒకసారి మూసుకోకుండానే ఉండిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, నేను ఆ రెంటి మధ్యా నిలబడ్డాను. చివరికి నన్ను దాటించింది ధైర్యం కాదు. లోపలికి పోయి మళ్ళీ ఆ నాడి పట్టుకోవాలంటే భయమేసింది, అందుకని బయటికి పరుగెత్తాను. కొంగు ఆమె చేతిలో నుంచి ఎలా వదిలిందో గుర్తులేదు. చెప్పుల్లేవు, నేల పెనంలా కాలుతోంది.

డాక్టరు భోజనానికి కూర్చుని ఉన్నాడు. "వాంతులు. నాడి ఆగి ఆగి కొడతాండాది" అని మాత్రం చెప్పాను. కామెర్లు అనలేదు, ఆకుమందు అనలేదు, పచ్చగా కనిపించడం అనలేదు. అంటే తిట్టి రానంటాడేమోనని. ఆయన విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. వంటమనిషీ, ఒక జట్కావాడూ కొయ్యపెట్టె మోసుకుని వెనకాలే వచ్చారు.

మళ్ళీ ఉప్పునీళ్ళ గుడ్డలు, రేకులు, తీగలు. ఈసారి మా అత్త భయపడలేదు, భయపడే ఓపిక లేదు. డాక్టరు కాగితం తీసుకుని కడగడానికి పోయాడు. ఆ కాగితం మీద గీత తేలేదాకా నేను మంచం పక్కన కూర్చుని ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను. గడప దాటి వచ్చిన పాదాలు మండుతుంటే, ఆ మంట నాకు పడ్డ శిక్ష అనిపించింది.

ఆయన తిరిగొచ్చాడు. కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని, నా వైపు చూసి అడిగాడు.

"అమ్మా, ఈమెకు అన్నీ పసుపుపచ్చగా కనిపిస్తున్నాయా?"

వాకిట్లో పక్కింటామె నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. మంచం మీద నుంచి మా అత్త గొంతు వినిపించింది.

"అదీ పడినాదా సామీ, కాయితంలో?"

ఆయన నవ్వలేదు. కాగితం చూపించాడు. మొనలు ఎక్కడో ఒకటి, ఎక్కడో ఒకటి ఉన్నాయి, నడుమ అంతా బయలు. ప్రతి మొన తర్వాతా గీత కిందికి గుంటపడి ఉంది, గరిటెతో తోడినట్టు. పాత కాగితంలో ఆ గుంట లేదు. "ఇది కామెర్లు కాదు, ఏ రోగమూ కాదు. నేనిచ్చిన చుక్కల గుర్తు ఇది. ఆ మందు ఒంట్లో పేరుకుపోయింది. ఎక్కువైతే తిండి అసహ్యమవుతుంది, వాంతులవుతాయి, లోకం పచ్చబడుతుంది. తర్వాత గుండె ఆగుతుంది. ఇంకొక రెండు పూటలు తాగించి ఉంటే..." అని ఆపేశాడు.

నేను సీసా తీసుకుపోయి పెరట్లో పారబోశాను. తిరిగొచ్చి, "విరుగుడు ఇవ్వండి" అని అడిగాను.

"విరుగుడు లేదమ్మా. ఎక్కిన మందు దానంతటదే దిగాలి. మనం కాచుకోవాలి, అంతే."

కాగితం చూసి మనిషి కంటిలోని రంగు చెప్పగలిగిన మిషను, ఆ మనిషి బతుకుతుందా అంటే చెప్పలేకపోయింది. ఆ కాచుకోవడం గురించి ఏం రాయను? డాక్టరు పొద్దునా మాపటికీ వచ్చాడు. టెంకాయ నీళ్ళూ, ఉప్పేసిన రాగిగంజీ చెంచాతో పోశాను. ఆమె లేవకూడదు, పక్కకు తిరగడానికి కూడా నేనే పట్టుకోవాలి. నాడి పట్టుకోవడం నాకు భయం, వదలడం అంతకంటే భయం. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య కాణిపాకం వినాయకుడికీ, కొండమీది సామికీ, నీళ్ళకు పోయే దారిలో చూసే చర్చిలోని సామికి కూడా మొక్కుకున్నాను. ఎవరి చేనని నేను చూడలేదు.

సందులు మెల్లమెల్లగా దగ్గరపడ్డాయి. ఒక మధ్యాహ్నం కంచం ముందు పెడితే ఆమె మెతుకు తీసి వేళ్ళ మధ్య పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఈ పొద్దు బువ్వ తెల్లంగా ఉండాది" అంది. తర్వాత, "ఉడకలేదు" అని కూడా అంది.

నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. మర్నాడు ఆమె చాకలామెను పిలిపించింది. తప్పయిందని చెప్పే మనిషి కాదు. ఒక చేటెడు శనక్కాయలు ఆమె ఒళ్ళో పోసి, "పో, పో" అంది.

గుండె మళ్ళీ వరస తప్పితే డాక్టరు చుక్కలు బాగా తగ్గించి మొదలుపెట్టాడు. ఈసారి ఆయన పిలిచినా పిలవకపోయినా నేనే తీసుకుపోయాను. మద్రాసు భయం తగ్గి ఆయన పెట్టెతో సహా వెళ్ళిపోయేటప్పుడు, "దినమూ నాడి చూడు, తెల్లనిది ఒకటి చూపించి రంగు అడుగు" అని చెప్పాడు. ఆ మాట పట్టుకుని ప్రతి పొద్దునా ఆమె ముందు తెల్లచీర పట్టుకుని నిలబడేదాన్ని. "ఏమి రంగత్తా?" ఒక్కొక్కరోజు కావాలనే "పచ్చంగా ఉండాది" అనేది. నా మొహం చూసి పకపకా నవ్వేది. ఆ నవ్వుకు నా గుండె ఎన్నిసార్లు వరస తప్పిందో ఏ మిషనూ పట్టలేదు.

యుద్ధం ముగిసింది. మా ఆయన వస్తున్నాడని తెలుసు గానీ ఏ రోజో తెలియదు. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చున్న మా అత్త ఉలిక్కిపడినట్టు లేచింది. వీధి మొదట్లో ట్రంకు భుజాన పెట్టుకుని ఒక మనిషి వస్తున్నాడు.

"మ్మే! నా కొడుకు! నా కొడుకొస్తాండాడే!" అని కేకేసింది. నేను పరుగెత్తుకుంటూ వచ్చాను. ఆమె కళ్ళు చికిలించి చూస్తోంది. గొంతు తగ్గించి, "పచ్చంగా కనపడతాండాడమ్మీ" అంది.

ఆ మాటలో నవ్వు లేదు. నేను వీధి వైపు చూడలేదు. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మనిషి ఎదురుగా వస్తుంటే, నేను ఆమె చెయ్యి లాక్కుని మణికట్టు మీద వేళ్ళు పెట్టాను. చుక్కలు ఎక్కువైనాయా? నిన్న ఎన్ని వేశాను? వాడొచ్చేదాకా అంది, వచ్చాడు, ఇక పోతుందా? నా వేళ్ళకు ఏమీ తెలియడం లేదు, నా నాడే నా చెవుల్లో మోగుతోంది.

"ఏమే, ఇద్దరూ అట్ల నిలబడినారు? నన్ను సూసి భయపడినారా?" అన్నాడు గడప ముందు నిలబడి మా ఆయన. తలెత్తి చూశాను. బక్కచిక్కి ఉన్నాడు. మొహం, మెడ, చేతులు, అంతా పసుపు రాసుకున్నట్టు ఉంది. అడవుల్లో చలిజ్వరం రాకుండా దినమూ మాత్రలు మింగించారట, మింగినవాళ్ళందరూ ఇలాగే అయ్యారట, కొన్నాళ్ళకు పోతుందట. అది తర్వాత చెప్పాడు. అప్పుడు మాకేమీ తెలియదు.

మా అత్త అతన్ని ముట్టుకోలేదు. నా వైపు తిరిగింది. "నిజం సెప్పమ్మీ. నీకెట్ల కనపడతాండాడు?"

"పచ్చగానే ఉండాడు అత్తా" అన్నాను.

అప్పుడు గానీ ఆమె కొడుకును పట్టుకుని ఏడవలేదు.